ఉత్తుత్తి తుపాకీ, ఉత్తమ సలహాలు

పాఠక మహాశయులారా! ఆస్తి ఉన్నవారు, ఆస్తి లేకపోయినా ఉందని నలుగురూ అనుకోవాలని కోరుకునేవారు వెంటనే ఒక ఎయిర్‌సాఫ్ట్ గన్ కొనుక్కోవాలని నా మనవి. చక్రం కనిపెట్టిన రోజున నాగరికత మొదలైందని బడిలో చదువుకున్నాం. తప్పు! పేలని తుపాకీ కనిపెట్టిన రోజున మొదలైంది.

తెలియనివారికి రెండు ముక్కలు చెబుతాను. ఎయిర్‌సాఫ్ట్ గన్ చూడ్డానికి అచ్చం అసలు తుపాకీలాగే ఉంటుంది. తూటాకి బదులు చిన్న బఠాణీ అంత ప్లాస్టిక్ పూస బయటికొస్తుంది. ఒంటికి తగిలితే చురుక్కుమంటుంది. కంటికి తగిలితే మాత్రం కన్ను పోవచ్చు, అందుకని ఆడేవాళ్లు కళ్లద్దాలు పెట్టుకుంటారు. రెండు జట్లుగా చీలి మధ్యాహ్నం దాకా ఒకళ్లనొకళ్లు కాల్చుకుని, ఆ తర్వాత కలిసి టీ తాగుతారట. కాపురాల్లో కూడా ఇదే పద్ధతి పెడితే బాగుండునని మా ఆవిడ అంటుంది.

సలహాలిచ్చే అర్హత నీకేముందయ్యా అని మీరు అడగవచ్చు. మా అపార్ట్‌మెంటు సంఘానికి ఆరేళ్లుగా నేనే సెక్రటరీని. ఏకగ్రీవంగా ఎన్నికయ్యాను. ఎవరైనా పోటీ చెయ్యండి బాబూ అని బతిమాలినా ఒక్కరూ ముందుకు రాలేదు. ప్రజాదరణ అంటే అదే కదా!

మాకు ఒక వాచ్‌మన్ ఉండేవాడు. అందరూ మేజర్ అనేవాళ్లం. సైన్యంలో చేశాడనుకునేరు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు డబ్బాలు మోశాడు. చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ నలగకుండా ఉండేది కాబట్టి ఆ బిరుదు మేమే ఇచ్చాం. జీతం పెంచడం కన్నా బిరుదు ఇవ్వడం తేలికని సంఘాలు నడిపినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఇద్దరు వచ్చి మా నీళ్ల మోటారు విప్పడం మొదలుపెట్టారు. మేజర్ అడ్డం వెళ్లాడు. ఇనప పైపుతో నెత్తిమీద ఒక్కటిచ్చి మోటారు ఎత్తుకుపోయారు. మేజర్ తలకి నాలుగు కుట్లు పడ్డాయి. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు కాకుండా, మేము ఆరు రోజుల్లోనే మీటింగు పెట్టాం. మోటారు గురించి గంటన్నర, మేజర్ తల గురించి నాలుగు నిమిషాలు చర్చించాం. మీటింగు మినిట్స్ పుస్తకంలో చూసుకోవచ్చు, రాసింది నేనే.

మేజర్ అడిగింది ఒక్కటే. తన గేటు గదికి లోపలినుంచి గడియ.

"వాళ్లు మళ్లీ వస్తే లోపలికెళ్లి గడియేసుకుని మీకు ఫోన్ చేస్తానండీ. తలుపు దగ్గరికేస్తే చాలు, అదే తెరుచుకుంటోంది."

మీరే చెప్పండి, కాపలాదారు లోపల గడియేసుకుంటే మమ్మల్ని ఎవరు కాపాడతారు? ఇవాళ గడియ అడుగుతాడు, రేపు కుర్చీ అడుగుతాడు! కొనాల్సింది గడియ కాదు, గౌరవం అన్నాను. చప్పట్లు కొట్టారు. అలా ఎయిర్‌సాఫ్ట్ గన్ తీర్మానం నెగ్గింది.

ఇక కొనేవారికి సలహా. మీ ఊళ్లో ఇలాంటివి కొనవచ్చో లేదో, ఎంత వయసుండాలో, కాగితాలేమన్నా కావాలో ముందే కనుక్కోండి. ఒక్కోచోట ఒక్కో చట్టం. రసీదు జాగ్రత్త. ఇంటికి తెచ్చేటప్పుడు సంచిలో పెట్టి, సంచి మూతి కట్టి తెచ్చుకోండి. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే సీటు వెంటనే దొరుకుతుంది కానీ దిగేచోట మీకోసం వేరే బండి కాచుకుని ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, దుకాణదారుతో ఎక్కువ మాట్లాడకండి. నేను మాట్లాడి దెబ్బతిన్నాను.

"ఆటకాండీ?" అన్నాడు.

"కాదు, కాపలాకి," అన్నాను గర్వంగా.

ఆయన తుపాకీని మళ్లీ అరలో పెట్టేశాడు. "కాపలాకి అమ్మనండీ. ఇది ఎదుటివాడిని ఆపలేదు, పట్టుకున్నవాడిని మాత్రం చిక్కుల్లో పెడుతుంది. ఆటకైతే చెప్పండి."

"ఆటకే," అన్నాను. అబద్ధం కాదు కదా! సంఘాలు ఆడే ఆటలు ఆయనకేం తెలుసు?

చిక్కల్లా మూతి దగ్గర వచ్చింది. ఇది బొమ్మ అని తెలియడానికి గొట్టం కొసన రెండంగుళాల మేర నారింజ రంగు వేసి ఇచ్చారు. అది చూసి ఏ దొంగ భయపడతాడు? మళ్లీ మీటింగు.

మూడో అంతస్తు లాయరుగారు లేచారు. "సెక్రటరీగారూ, ఆ రంగు వేసింది దొంగ కోసం కాదు, పోలీసు కోసం. అది కనబడితే పోలీసు కాల్చకుండా ఆగుతాడు. అది తీసేస్తే బొమ్మ పట్టుకున్న మనిషి అసలు తుపాకీ పట్టుకున్నట్టే లెక్క. చట్టం సంగతి సరే, ఆయన ప్రాణం సంగతి చూడండి."

"అది కనబడితే దొంగ ఆగకుండా వస్తాడు కదండీ!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఇంత తర్కం ముందు చట్టం నిలుస్తుందా?

విషయం చాలా సూక్ష్మం. నారింజ రంగుంటే మనిషికి క్షేమం. నల్లరంగుంటే మోటారుకి క్షేమం. ఓటింగు పెట్టాం. నలుపుకి ఇరవై, నారింజకి రెండు. ఆ రెండింట్లో ఒకటి లాయరుగారిది. రెండోది మా ఆవిడది, మా ఫ్లాటు తన పేరునే ఉంది మరి. ఇంటికొచ్చాక అదేంటే అన్నాను. "నిలబడేది ఆయన కదా, ఆయన్నొక మాట అడిగారా?" అంది. వాచ్‌మన్‌కి ఓటెక్కడిది? ఫ్లాటుంటే కదా!

గేటుకి వెయ్యగా మిగిలిన నల్లరంగు పూశాం. ఎవడూ లాక్కుపోకుండా తుపాకీ పట్టీని మేజర్ మెడమీదుగా అడ్డంగా వేయించి, కొక్కెం దగ్గర చెప్పులు కుట్టేవాడి చేత గట్టిగా కుట్టించాం. తీయాలంటే తల మీదుగా రెండు చేతులతో లాగాలి. "ఇది బొమ్మని ఎవరితోనూ అనకు. ప్రాణం మీదికొచ్చినా సరే!" అని మేజర్‌తో ఒట్టు వేయించుకున్నాను. ప్రాణం మీదికి అన్నది మాటవరసకి అన్నమాట.

మూడు వారాలు రామరాజ్యం! బండ్లు అడ్డదిడ్డంగా పెట్టేవాళ్లు గీత తప్పకుండా పెట్టారు. పార్సిళ్లు తెచ్చేవాళ్లు మేజర్‌ని "మీరు" అన్నారు. రేపొస్తానన్న ప్లంబరు రేపే వచ్చాడు! పైపు బిగించి, డబ్బులు కూడా అడక్కుండా వెళ్లిపోయాడు. పిలిచి ఇవ్వాల్సి వచ్చింది. మీ దేశాల్లో, మీ చరిత్రల్లో ఎక్కడైనా విన్నారా ఇలాంటిది? తుపాకీలో పూసలు కూడా వెయ్యలేదు. మేకపోతు గాంభీర్యం మీద ఇంత పెద్ద భవనం నడుస్తుంటే ఇక నిజమైన ధైర్యం దేనికి?

ఇది అర్థంకాని మనిషి ఒక్కతే. మేజర్ భార్య. రెండు వీధుల అవతల బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఆ చొక్కా రహస్యం అదే. మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి, తుపాకీని చూసి, నన్ను చూసింది.

"ఇది పేల్తదా సారూ?"

"పేలదమ్మా, భయపడకు."

"మరి ఎదుటోడిది?"

ఆడవాళ్లకి వ్యూహం తెలియదు.

నాలుగోవారం, పొద్దున్న పదింటికి, ఎదురు భవనంలోకి కొత్తగా వచ్చినవాళ్లు పోలీసులకి ఫోన్ చేశారు. గేటు దగ్గర ఎవడో తుపాకీతో తిరుగుతున్నాడని. జీపు వచ్చింది. ఇద్దరు దిగారు. ఒకాయన తల నెరిసినవాడు, రెండోవాడు కొత్తవాడు. తుపాకీ కొత్తవాడి చేతిలో ఉంది. అందులో ప్లాస్టిక్ పూసలు లేవు.

"కిందపడెయ్! తుపాకీ కిందపడెయ్!"

మేజర్ రెండు చేతులూ పైకెత్తాడు. పడెయ్యాలంటే పట్టీ తీయాలి. పట్టీ తీయాలంటే తుపాకీ ముట్టుకోవాలి. ముట్టుకుంటే? కొక్కెం మేమే కుట్టించాం కదా! అలాగే నిలబడ్డాడు. ఎండలో, ఇస్త్రీ చొక్కాలో, చేతులు పైకెత్తి. మెడలో మా గౌరవం వేలాడుతోంది.

నేను రెండో అంతస్తు బాల్కనీలో ఉన్నాను. చేతిలో టీ కప్పు. పక్క బాల్కనీల్లో నలుపుకి ఓటేసినవాళ్లు ఇంచుమించు అందరూ ఉన్నారు. 'అది బొమ్మ' అన్న ముక్క నోటిదాకా వచ్చింది. ఆ రెండు మాటలు అంటే వీధి వీధంతా వింటుంది, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, వారంలో కొత్త మోటారు పోతుంది. మేజర్ ఒక్కసారి తలెత్తి నాకేసి చూశాడు. అడుగుతున్నట్టు. నేను కప్పులోకి చూశాను.

చివరికి నెరిసినాయనే నెమ్మదిగా దగ్గరికి వెళ్లి, గొట్టం పట్టి ఎత్తి, బరువు చూసి "ఒరే దించరా, బొమ్మ!" అన్నాడు. కొత్తవాడు చెయ్యి దించి అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. అప్పుడు నేను మెట్లు దిగాను.

"మూతికి రంగేదండీ?" అన్నాడు నెరిసినాయన.

"ఎండకి వెలిసిపోయిందండీ," అన్నాను. నారింజ రంగు వెలిస్తే నల్లబడుతుందని ఆ రోజు నేను కనిపెట్టాను. ఆయన నన్ను పైనించి కిందిదాకా చూశాడు. "ఇవాళే రంగెయ్యండి. వీడు కొత్తవాడు. ఇంకో అర నిమిషమైతే మనం ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదు," అని వెళ్లిపోయారు.

"శభాష్ మేజర్! ఒక్క ముక్క పొక్కనివ్వలేదు," అని భుజం తట్టాను. చొక్కా తడిసి ముద్దయింది.

"మీరే చెప్పద్దన్నారు కదండీ," అన్నాడు. తుపాకీ మూతి చూపించి, "ఆ నలుపు కాస్త గీకేద్దామండీ," అన్నాడు.

"వచ్చే మీటింగులో పెడతాను," అన్నాను. పెట్టాను కూడా. కోరం లేదు.

ఆ మర్నాడు పొద్దున్న మేజర్ రెండు చేతులతో పట్టీ తల మీదుగా లాగి, తుపాకీ నా చేతికిచ్చాడు. "ఒక్క గంట పట్టుకోండి సార్, టీ తాగొస్తాను." ఇది జరిగి నాలుగు రోజులైంది. ఏ టీ అయినా నాలుగు రోజులు మరుగుతుందా? నిన్న ఆయన భార్య వచ్చి క్యారియర్, టోపీ పట్టుకుపోయింది. తిట్టినా బాగుండేది.

కొత్త మనిషి దొరికేదాకా ఇరవై రెండు ఫ్లాట్లూ వంతులవారీగా గేటు దగ్గర నిలబడాలని తీర్మానించాం. మొదటి వంతు సెక్రటరీది. రెండోవాడికి నడుం నొప్పి. మూడోవాడు ఊళ్లో లేడు, టీవీ మాత్రం మోగుతోంది. కాబట్టి పాఠకులారా, ఈ సలహాలు మీకు గేటు గదినుంచి, విజిటర్ల రిజిస్టరు వెనక పేజీల్లో రాస్తున్నాను. మెడలో తుపాకీ ఉంది. దాని మూతి నల్లగా ఉంది.

ఇందాక ఏమైందో కూడా చెప్పాలి. వీధి మలుపులో పోలీసు జీపు కనబడింది. ఇటే వస్తోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. పట్టీ తీద్దామంటే పొట్ట అడ్డం, రాలేదు. గదిలోకి దూరి తలుపేశాను. దానంతటదే తెరుచుకుంది. గడియ లేదు! తలెత్తి చూస్తే బాల్కనీల నిండా జనం. ఇరవై ఓట్లవాళ్లూ ఉన్నారు. అందరూ కప్పుల్లోకి చూస్తున్నారు.

రెండో అంతస్తునుంచి మా ఆవిడ వంగి అడిగింది. "ఏవండీ! బొమ్మని చెప్పమంటారా? తీర్మానం ఒప్పుకోదా?"

"చెప్పవే! బొమ్మే! బొమ్మ! బొమ్మ తుపాకీ!" అని నేనే అరిచాను, చేతులు రెండూ పైకెత్తి. ఎదురు భవనం కిటికీలు తెరుచుకున్నాయి. ఇంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు. ఆ రోజు పదింటికి కూడా ఇది నా దగ్గరే ఉంది. అది తలుచుకుంటే సిగ్గేస్తోంది.

జీపు ఆగనేలేదు. దాని దారిన అది వెళ్లిపోయింది.

ఇప్పుడు వీధంతటికీ తెలిసిపోయింది కాబట్టి, ఇక అమ్మేవారికి సలహా. ఉన్నదున్నట్టు చెప్పి అమ్మండి. నేను అలాగే చెబుతున్నాను. ఎయిర్‌సాఫ్ట్ గన్ ఒకటి అమ్మకానికి ఉంది. నెల రోజులు వాడాం, ఒక్కసారి కూడా పేలలేదు. రసీదు ఉంది. మూతికున్న నల్లరంగు నేనే గీకి, నారింజ రంగు వేసి ఇస్తాను. ధర మీరెంతంటే అంత, గడియ ఒకటి వస్తే చాలు.

షరతు మాత్రం ఒకటుంది. కొన్నవారే మెడలో వేసుకోవాలి.