తమరిది ఏ లినక్స్?

సోమవారం ఉదయం పదిన్నరకు, చినవాగుపాడు మున్సిపాలిటీలో జనన మరణ ధ్రువపత్రాలు అచ్చువేసే ప్రోగ్రాం కంప్యూటర్లోంచి దిగి వచ్చి, తాను ఏ లినక్స్‌లో ఉంటున్నదో తెలిపే నివాస పత్రం కోసం మూడో కౌంటరు ముందు వరుసలో నిలబడింది. దాని ముందు తొమ్మిదిమంది ఉన్నారు. అది ఎవరినీ తోసుకోలేదు.

కౌంటరులో కూర్చున్న జూనియర్ అసిస్టెంటు బొడ్డేపల్లి హైమావతికి ఇందులో వింతేమీ కనబడలేదు. కుళాయి కనెక్షన్ల ప్రోగ్రాం కిందటి వారమే వచ్చి పత్రం పట్టుకెళ్ళింది. లినక్స్ అంటే కంప్యూటర్లను నడిపే వ్యవస్థల్లో ఒకే ఇంటిపేరుతో వందల శాఖలుగా చీలిన వంశమనీ, ప్రతి ప్రోగ్రామూ తానున్నది ఏ శాఖ వారి ఇంట్లోనో తేల్చి ఈ సోమవారం సాయంత్రం ఐదులోగా రాతపూర్వకంగా ఇవ్వాలనీ సర్క్యులర్ ఉంది. ఇవ్వనిదాన్ని ఆపేస్తారు. ఇది ఆగితే ఊళ్ళో ఇక ఎవరూ పుట్టినట్టు కాదు, పోయినట్టూ కాదు. పోకపోవడం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ వరుస చివర పదకొండు రోజుల పాపనెత్తుకుని ఒక తల్లి నిలబడి ఉంది. ఆ పాప ఇంకా పుట్టవలసి ఉంది.

ఎవరింట్లో ఉంటున్నావని హైమావతి అడిగితే, ఆల్పైన్ శాఖ వారింట్లోనని ప్రోగ్రాం చెప్పింది. ప్రతి ఇంట్లోనూ పేరు రాసిన ఫైలొకటి గుమ్మానికి పలకలా వేలాడుతుందట. అది చూసే వచ్చిందట.

తనిఖీ చేయకుండా సంతకం పెట్టడం హైమావతికి అలవాటు లేదు. సర్వరు గదికి వెళ్ళి చూసింది. పలక మీద ఆల్పైన్ అనే ఉంది, నిజమే. కానీ అది ఇల్లు కాదు, ఇంట్లో అద్దెకిచ్చిన గది. కంటెయినర్ అంటారు. వీధి గేటు మీద ఉబుంటు అని వేరే శాఖ పేరు ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో, మేము డెబియన్ లాంటివాళ్ళం అని కూడా రాసుంది.

ఫారంలో గడి ఒకటే. ఆమె దాన్ని సూపరింటెండెంటు గేదెల త్రినాథరావు ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చదివాడు.

ప్రోగ్రాం వినయంగానే చెప్పింది. "తేదీ తెలిసి, తెలుగు అక్షరాలుండి, ప్రింటరు పలికితే చాలండి నాకు. అవి ఉన్నాయో లేవో చూస్తే సరిపోద్ది కదండీ. ఎవరిల్లయితే ఏటండి?"

"పని ఎవులైనా చేస్తారు," అన్నాడు త్రినాథరావు. "ముందు ఎవులివో తేలాల కదా."

ప్రోగ్రాం అడిగినదాంట్లో తప్పేమీ లేదని హైమావతికి అనిపించింది. ఆ మూడూ ఉన్నాయని తానే చూసి ఫారం వెనక రాసింది. వెనక రాసింది ఎవరూ చదవరని ఆమెకు పదిహేడేళ్ళ అనుభవం. అందుకని ముందువైపు గడిలో ఇరికించి ఇలా రాసింది: ఆల్పైన్ వారు, ఉబుంటు వారింట అద్దెకు, ఆ ఇంటివారు డెబియన్ వారి బంధువులు.

త్రినాథరావు ముఖం విప్పారింది. తన బల్ల మీది కంప్యూటరు కూడా డెబియన్ వారి తాలూకేనట.

"ముందే చెప్పకపోయావా? మనోళ్ళే," అని సంతకం పెట్టి, ముద్ర వేసి, కుర్చీ చూపించి టీ తెప్పించాడు. ప్రోగ్రాం టీ తాగలేదు గానీ మర్యాదకు చాలా పొంగిపోయింది. పన్నెండు లోపే కంప్యూటర్లోకి తిరిగి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం నుంచి పత్రాలు మునుపటికంటే చురుగ్గా వచ్చాయి. ఒక్కటే మార్పు. పేరు, తేదీ అడగబోయే ముందు తెర మీద ప్రోగ్రాం మరో ప్రశ్న వేయడం మొదలుపెట్టింది: "తమరు ఏవిట్లు?" ఫిర్యాదులొస్తాయేమోనని హైమావతి రిజిస్టరు తీసి సిద్ధంగా పెట్టుకుంది. ఒక్కటీ రాలేదు. ఒకాయన కులంతోపాటు తన శాఖ కూడా చెప్పి, అది కూడా రాయమన్నాడు. చనిపోయినవారి తరఫున కొడుకులు చెప్పారు. పదకొండు రోజుల పాప తరఫున తల్లి చెప్పింది. పాపకు ఇంకా పేరు పెట్టలేదు. ఆ ప్రశ్నకు మాత్రం ఆమె తడుముకోలేదు.