వడ్రంగి నడుము, వీధి తలుపు

పెద్ద వరద వచ్చిన రెండో ఏడు. ఆ వరదలో నాని ఉబ్బిన వీధి తలుపు వడ్రంగి ఇంట్లో ఇంకా అలాగే ఉంది. భార్య చెప్పగా చెప్పగా ఒక ఉదయం దాన్ని ఊడదీశాడు. సాయంత్రానికి చిత్రిక పట్టి బిగించేద్దామనుకున్నాడు. ఎత్తబోయేసరికి నడుము పట్టేసింది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

పక్కింటి బాబాయి వచ్చి చూశాడు.

"ఉత్త నడుము నొప్పంటే ఆస్పత్రిలో సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెడతారమ్మాయ్. ఇంకో రెండు కలుపు. కాళ్లు తిమ్మిరను. ఒంటేలు రావట్లేదను."

"మరి ఇల్లో, బాబాయిగారూ? తలుపు లేదాయె."

"గుమ్మంలో నేను కూర్చుంటాగా."

వంగినవాణ్ణి అలాగే బండెక్కించారు. అత్యవసర విభాగంలో నర్సు ఏమైందని వడ్రంగినే అడిగింది. అతను నోరు తెరిచేలోగా భార్య రెండూ కలిపి చెప్పేసింది.

బాబాయి అన్నట్టే అయింది. వెంటనే స్ట్రెచర్ వచ్చింది, వెనకే డాక్టరమ్మ వచ్చింది. వెన్నులో నరాలు నలిగితే అలా అవుతుందట, ఆలస్యమైతే కాళ్లు పడిపోతాయట. స్కానింగ్‌కి రాశారు. ఆపరేషన్ డాక్టరుకి ఫోన్ చేశారు. మంచినీళ్లు కూడా ఇవ్వొద్దన్నారు. రెండు రోజులు ఇక్కడే ఉండాలన్నారు.

"రెండు రోజులా? ఇంటికి తలుపు లేదండీ" అంది భార్య.

"తలుపు సంగతి తర్వాతమ్మా" అంది డాక్టరమ్మ.

"నిజం చెప్పెయ్యవే" అన్నాడు వడ్రంగి మెల్లగా.

"తిడతారేమోనండీ."

ఇంతలో నర్సు పొడవాటి రబ్బరు గొట్టం పట్టుకొచ్చింది.

"ఇదెక్కడికమ్మా?" అన్నాడు వడ్రంగి.

ఆమె చెప్పింది.

వడ్రంగి స్ట్రెచర్ దిగాడు. ఒక చేత్తో నడుము, ఒక చేత్తో గోడ పట్టుకుని మరుగుదొడ్డి దాకా నడిచాడు. అందరికీ వినపడాలని తలుపు వెయ్యలేదు.

డాక్టరమ్మ భార్య వంక చూసింది. భార్య నేల వంక చూసింది. డాక్టరమ్మ అతన్ని మడమల మీద నిలబెట్టి, కాళ్లను సూదితో తాకి, మళ్లీ మొదట్నుంచీ అడిగింది. ఈసారి భార్యని బయట కూర్చోబెట్టింది. కండరం పట్టిందంతే. స్కానింగ్ కొట్టేసి నొప్పి మాత్రలు రాసింది.

"మంచమెక్కకండి. ఇందాక నడిచారే, అదే మందు. బరువులు మాత్రం కొన్నాళ్లు ఎత్తకండి."

ఇల్లు చేరేసరికి బాబాయి గుమ్మంలో కుర్చీ వేసుకుని నిద్రపోతున్నాడు.

మర్నాడు ఉదయం భార్య చిత్రిక పట్టింది. వడ్రంగి అటూ ఇటూ నడుస్తూ ఎక్కడ పట్టాలో చెప్పాడు. ఎదురింటివాళ్లు ఎత్తి పట్టుకుంటే స్క్రూలు మాత్రం తను బిగించాడు. అప్పుడే బాబాయి మెట్లెక్కుతూ, "ఆ మాత్రలు వేసుకోకోయ్, నేనొకటి చెప్తా" అన్నాడు.

తలుపు సరిగ్గా పడుతుందో లేదో వడ్రంగి వేసి చూశాడు. సరిగ్గానే పడింది.