వినిఫ్రెడ్ దిగిందా?

సోమవారం పొద్దున్న సిరిల్ ప్యాడ్జెట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సంచీలో ఒక క్యాసెట్ తీసుకెళ్ళడం, ఆఫీసు ఫోన్ మిషన్‌లో పెట్టడం, ఎవరి కంటా పడకుండా టీ తాగడం. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. అంతకు మించిన సాహసాలు చేసే ఓపిక అతనికి లేదు.

మా హార్ల్‌బ్రిడ్జ్ కౌన్సిల్లో చెత్త విభాగానికి వచ్చే ఫోన్లు ఎత్తేది ఇద్దరే, సిరిల్, పక్క సీటావిడ. లైను దొరికేదాకా జనానికి వినిపించే సంగీతం టేపు అరిగిపోయి మూలుగుతోంది. ఎవరికీ అభ్యంతరం లేనిది ఏదైనా పట్టుకురమ్మని పైఅధికారి గ్లెనిస్ థార్ప్ శుక్రవారమే చెప్పింది.

సిరిల్ తెచ్చింది 'ట్రామెక్కిన వినిఫ్రెడ్' అనే పాట. అతని పదహారో ఏట వచ్చింది. పాడిన నలుగురు కుర్రాళ్ళూ తర్వాత ఏమయ్యారో ఎవరికీ తెలియదు, అంతకుముందు ఎవరో కూడా తెలియదు. పెళ్ళిబట్టల్లో ఉన్న వినిఫ్రెడ్ చర్చికని ట్రామెక్కుతుంది. మొదటి చరణంలో టికెట్టు కొంటుంది. రెండో చరణంలో కిటికీలోంచి చూస్తూ ఆలోచనలో పడుతుంది. అప్పుడు బాకాలు మోగుతాయి. ఆమె చర్చి దగ్గర దిగిందా, తిన్నగా సముద్రం దాకా వెళ్ళిపోయిందా అన్నది మూడో చరణంలో గానీ తేలదు. నలభై రెండేళ్ళుగా సిరిల్ ఈ పాటను కనబడ్డవాళ్ళకల్లా వినిపించబోయాడు. బాకాలు దాటి ఆగినవాళ్ళు లేరు. భార్య ఐరిస్ అయితే సరిగ్గా అక్కడే కెటిల్ పెట్టడానికి లేచిపోయేది. ఒక్క మనిషి ఒక్కసారి చివరిదాకా వింటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకునేవాడు.

మంగళవారానికి ఫోన్లు రెట్టింపయ్యాయి. సిరిల్ ఎత్తగానే అవతలివాళ్ళు ఉలిక్కిపడి, నీళ్ళు నమిలి, క్షమించమని అడిగి, తమ చెత్తడబ్బా కనబడటం లేదనేవారు. అతను రాసుకునేవాడు. లారీ వెళ్ళి కొత్త డబ్బా దింపి వచ్చేది. శుక్రవారానికి ఊళ్ళో నూటనలభై డబ్బాలు మాయమయ్యాయి.

ఆ సాయంత్రం మిల్ రోడ్డు నుంచి మిసెస్ లమ్ నాలుగోసారి ఫోన్ చేసింది. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి.

"మీ డబ్బా మళ్ళీ పోయిందా అండీ?" అన్నాడు సిరిల్ నీరసంగా.

"పోయింది నాయనా. అంటే..." ఆవిడ గొంతు తగ్గించింది. "ఒక్క మాట చెప్పు. ఇంతకీ ఆ పిల్ల దిగిందా, లేదా? బాకాలు ఊదేసరికి నువ్వు ఎత్తేస్తున్నావు."

"మరి డబ్బా?"

"షెడ్డులో దాచాను. ఊరికే ఫోన్ చేశానంటే ఏం బాగుంటుంది? మీరేమో కొత్తది పంపిస్తిరి. పాతది లారీవాళ్ళ కంటబడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

సిరిల్ కళ్ళు చెమర్చాయి. నలభై రెండేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. "నేను చెప్పను, మీరే వినండి" అని ఆవిణ్ణి మళ్ళీ లైన్లో ఉంచి, పాట అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

సంగతి అర్థమైంది కానీ ఏం చెయ్యాలో పాలుపోలేదు. నిజం చెబితే థార్ప్ ఆ టేపు పీకేస్తుంది. చెప్పకపోతే ఊళ్ళో డబ్బా మిగలదు. ఇది చాలదన్నట్టు, ఇంటికి వెళ్ళేసరికి ఐరిస్ ఆ పాట రికార్డును పాత సామాన్లమ్మే చారిటీ షాపుకు ఇచ్చేసింది. రోజంతా ఆఫీసులో వింటూనే ఉన్నావు, మళ్ళీ ఇంట్లో ఎందుకంది. అతను పరుగెత్తుకెళ్ళేసరికి అది అమ్ముడైపోయింది. ఇక వినిఫ్రెడ్ బతికి ఉన్నది ఫోన్ మిషన్‌లోనే. సిరిల్ నోరు మూసుకున్నాడు.

రెండో వారం డబ్బాలెత్తుకెళ్ళే దొంగల ముఠా గురించి పేపర్లో పడింది. పోలీసు వచ్చి డబ్బాల చక్రాల గుర్తులు కొలిచాడు. వీధివీధికీ కాపలా బృందాలు వెలిశాయి. షెడ్డులో తమ డబ్బాలు దాచుకున్నవాళ్ళే వాటిలో చేరి, షెడ్లు తప్ప ఊరంతా గాలించారు.

మూడో సోమవారం థార్ప్ పిలిచింది. సిరిల్‌కి ఇక ఆ రహస్యం మోసే ఓపిక లేదు, చెప్పేద్దామనే వెళ్ళాడు.

"మేడమ్, ఆ ముఠా సంగతి..."

"ముఠా సంగతి పోలీసులు చూసుకుంటారు. మన తప్పు మనం దిద్దుకోవాలి. డబ్బా పోయి ఏడుస్తున్నవాళ్ళని మూడేసి నిమిషాలు ఆపుతామా? ఆరుగుర్ని కొత్తగా తీసుకున్నాను. ఇకమీదట మొదటి రింగుకే ఎత్తాలి. వాళ్ళ మీద పెద్ద మీరే."

"మరి టేపు మేడమ్?"

"ఉండనీండి. ఎవరికీ వినే అవసరం రాదుగా."

వారం తిరిగేసరికి దొంగతనాలు ఆగిపోయాయి. థార్ప్‌కి మేయరు నుంచి అభినందన లేఖ వచ్చింది. సిరిల్‌కి కొత్త కుర్చీ వచ్చింది. మిషన్‌లో వినిఫ్రెడ్ ఎవరికీ వినబడకుండా ట్రామెక్కుతూనే ఉంది.

ఒకరోజు సెలవు పెట్టి, ఐరిస్ బజారుకెళ్ళిన సమయం చూసి, సిరిల్ ఇంట్లోంచి ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఆ ఆరుగురూ తీరిక లేకుండా ఉండాలని, రెండు నిమిషాలైనా తనను ఆపాలని మనసులోనే వేడుకున్నాడు. మొదటి రింగుకే ఎత్తారు.

"చెత్త విభాగం. చెప్పండి."

తనే దగ్గరుండి అమలు చేయిస్తున్న నియమం. ఏమని చెబుతాడు? సిరిల్ నీళ్ళు నమిలాడు. గొంతు మార్చి, క్షమించమని అడిగాడు.

"నా చెత్తడబ్బా కనబడటం లేదమ్మా."

గురువారానికల్లా కొత్తది పంపుతామని ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. సిరిల్ కోటు వేసుకుని, వాకిట్లో ఉన్న డబ్బాను పెరట్లోకి తోసుకెళ్ళి షెడ్డు తలుపు తీశాడు.

లోపల అప్పటికే ఒక డబ్బా ఉంది. పాత దుప్పటి కప్పి ఉంది. దుప్పటి తీస్తే, మూత మీద ఏళ్ళ క్రితం తను తెల్లరంగుతో రాసిన తమ ఇంటి నంబరు. అంటే వాకిట్లో ఉన్నది కొత్తది. అంటే ఐరిస్ కూడా ఫోన్ చేసింది. ఆ ఫిర్యాదు పక్క సీటావిడ రాసుకుని ఉంటుంది. సిరిల్ అక్కడే ఒక పూలకుండీ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఇంత సంతోషం అతనికి కలగలేదు, దాన్ని ఎవరికీ చెప్పుకునే దారీ కనబడలేదు. చివరికి లేచి రెండు డబ్బాలనూ పక్కపక్కన నిలబెట్టి దుప్పటి కప్పాడు.

సాయంత్రం టీ పోస్తూ ఐరిస్ సన్నగా ఏదో కూనిరాగం తీసింది. అది మూడో చరణం.

ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు.