తూగుసీమ మబ్బుల బేరం

సోమవారం పొద్దున రామకోటయ్య వేసుకున్న పథకంలో గొర్రెల ఊసే లేదు. సంతకు వెళ్ళాలి. గురువారం వర్తక సంఘం ఎన్నిక రోజు విందుకు చింతపండు కొనాలి. దారిలో కనపడిన ప్రతి వ్యాపారికీ నమస్కారం పెట్టి ఓటు అడగాలి. పన్నెండింటికల్లా ఇల్లు చేరి, అన్నం తిని పడుకోవాలి. వీటిలో ఆయనకు నిజంగా ఇష్టమైన పని చివరిదే.

పత్తికొండ బజారులో ఆయనకు బట్టల అంగడి ఉంది. అంగడిని గుమాస్తాలు నడుపుతారు, ఇంటిని భార్య రాజ్యలక్ష్మమ్మ నడుపుతుంది, ఆయన నోరు ఒక్కటి నడుపుతాడు. ఈ ఊరి జనమంతా కళ్ళు తెరుచుకుని నిద్రపోయే మొద్దులని ఆయన గట్టి అభిప్రాయం. ఆ అభిప్రాయంతోనే సంఘం అధ్యక్ష పదవికి నిలబడి, 'మెలకువ గల నాయకుడు' అని కరపత్రాలు కొట్టించాడు. సంఘం హాలు గోడ మీద పాత అధ్యక్షుల పటాలు వరసగా ఉంటాయి. వాళ్ళ నాన్నది ఉంది, చిన్నాన్నది ఉంది, ఆఖరికి నాలుగు మాటలు కూడబలుక్కోలేని తోడల్లుడిది కూడా ఉంది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా తన పటం లేదు. హాల్లోకి వెళ్ళినప్పుడల్లా వరస చివరి ఖాళీ మేకును చూస్తే ఆయన కడుపు మండేది.

ఇంతటి మెలకువ గల నాయకుడు రోజూ మధ్యాహ్నం అన్నం తినగానే తూగుసీమకు వెళ్ళిపోయేవాడు. తూగుసీమ ఏ పటంలోనూ కనపడదు, ఆయన కునుకు తీస్తేనే కనపడుతుంది. పదేళ్ళుగా అదే దేశం, అవే వీధులు. అక్కడ కోట వాకిట్లో చెప్పులకు బదులు ఎవరి నీడను వాళ్ళు విడిచి, బిళ్ళ తీసుకుని లోపలికి పోవాలి. నదులు ఇంటింటికీ వచ్చి తలుపు తట్టి, బిందెలు ఖాళీగా ఉన్నాయా అని అడుగుతాయి. రాజుగారు సింహాసనం మీద తలకిందులుగా కూర్చుంటారు, కాబట్టి కిరీటం ఆయన తలను మోస్తుంది. చేపలు గొడుగులు పట్టుకుని ఎండలో షికారు చేస్తాయి. ఆ దేశంలో రామకోటయ్య మబ్బుల మంత్రి. వాన చుక్క ఎరగని కరువులో, ప్రభుత్వం విమానాలు పంపించి వాన కోసం మబ్బుల మీద మందు చల్లిస్తున్న ఆ ఏడాదిలో, అంతకు మించిన పదవి ఏముంటుంది? అక్కడ మబ్బులు కాళ్ళతో నడిచి సంతకు వస్తాయి. మంత్రిగారు వాటిని గజాల లెక్కన కొలిచి కొంటారు. మెలకువ వచ్చి చూస్తే పత్తికొండ, ఎండ, ఈగలు. ఆయనకు ఊరంటే అంత చులకన ఉండడంలో వింత ఏమీ లేదు.

"సంతకు పోయి తిన్నగా ఇంటికి రాండి. యాడన్నా కూలబడి కునుకు తీసేరు" అని రాజ్యలక్ష్మమ్మ సంచి చేతికిచ్చింది.

"నేనా? కునుకా? నిద్రపోయేది ఈ ఊరోళ్ళు, నేను కాదు" అన్నాడు రామకోటయ్య. రెండు వారాల కిందట కంట్లో శుక్లం తీశారు. డాక్టరు ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు.

పదకొండుకల్లా చింతపండు కొన్నాడు. నలభై మందికి నమస్కారాలు పెట్టాడు, వాళ్ళలో సగం మందిని మనసులో వెధవలు అనుకున్నాడు. ఎండ నెత్తికెక్కింది. గొర్రెలూ మేకలూ అమ్మే జీవాల సంత పక్కన ఆగి ఉన్న లారీ నీడలో సంచి మీద కూర్చుని, ఈగలు వాలకుండా తువ్వాలు చేతుల మీద కప్పుకున్నాడు. నిమిషంలో నీడను కోట వాకిట్లో విడిచి తూగుసీమలో అడుగు పెట్టాడు.

పశువుల సంతలో తువ్వాలు కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్న మనిషి బేరానికి సిద్ధంగా ఉన్నట్టు లెక్క. అక్కడ ధర నోటితో చెప్పరు. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకుండా, గుడ్డ కింద వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. అరచెయ్యి అరచేతిలో పడితే బేరం కుదిరినట్టు, ఇక దేవుడు దిగివచ్చినా మార్చడానికి లేదు. మేత లేక తన గొర్రెల మందను ఎలాగైనా వదిలించుకోవాలని పొద్దుటి నుంచి తిరుగుతున్న ఏసన్న ఆ తువ్వాలు చూశాడు. బట్టల శెట్టికి గొర్రెలు ఎందుకని ఒక క్షణం అనుమానం వచ్చింది కానీ, అమ్ముకునేవాడికి అనుమానాలతో పనేముంది?

"ముప్పై జీవాలు సామీ. అన్నీ తెల్లవే. మందంతా ఒకేసారి తీసుకుంటావా?" అని పక్కన కూర్చుని తువ్వాలు కింద చెయ్యి దూర్చాడు.

తూగుసీమలో అదే సమయానికి మూడు తలల వర్తకుడు ముప్పై తెల్ల మబ్బులను తోలుకొచ్చాడు. మంత్రిగారి తల ముందుకు వాలింది. ఏసన్నకు అది సరేనన్నట్టే కనపడింది. ఏసన్న వేళ్ళు నొక్కాడు, మంత్రిగారు నిద్రలోనే తిరిగి నొక్కారు. గజం ఎంత అని బేరమాడారు, పట్టుబట్టారు, చివరకు మబ్బులన్నీ నావే అని మురిసిపోయి అరచెయ్యి పట్టుకున్నారు. చుట్టూ చేరిన పాతిక మంది "శెట్టి గట్టోడు, మాట కూడా ఆడకుండా బేరం ముగించినాడు" అని మెచ్చుకున్నారు. పక్కనే ఉన్న ఏసన్నకు మాత్రం నల్లద్దాల వెనక నుంచి సన్నగా గురక వినపడింది. అతను ఆ సంగతి నోట్లోనే దాచుకున్నాడు.

భుజం తట్టేసరికి రామకోటయ్య ఉలిక్కిపడ్డాడు. ఎదురుగా ముప్పై గొర్రెలు.

"మంద నీదే సామీ. దుడ్లు అంగట్లో ఇస్తావా, ఇంట్లో ఇస్తావా?"

నిద్రలో ఉన్నానని చెబితే అయిపోయేది. చుట్టూ చూస్తే పాతిక మంది వ్యాపారులు, వాళ్ళలో ముగ్గురి చేతుల్లో తన కరపత్రమే ఉంది. మెలకువ గల నాయకుడు గొంతు సవరించుకుని, "తొందరేల ఏసన్నా? గుడ్డ కింద మాటంటే మాటే. ఈ రామకోటయ్య మాట తప్పడు, ఊరంతా వినుకోండి" అని అందరికీ వినపడేటట్టు అరిచాడు. తెలివితక్కువ పని చేసినవాడికి గొంతు పెంచడం ఒక్కటే దారి అని ఆయన అనుభవం.

ఆయన ముందు, గొర్రెలు వెనక బజారంతా నడిచారు. వాళ్ళు ఇల్లు చేరకముందే కబురు చేరింది. శెట్టి మాంసం అంగడి పెడతాండాడని కొందరు, గుమాస్తాలకు అప్పుడే కత్తులు కొనిచ్చినాడని ఇంకొందరు. సాయంత్రానికి సంఘం పెద్దలు నలుగురు వాకిట్లోకి వచ్చి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా నిలబడ్డారు.

"చింతపండు తెమ్మంటే ఏం తెచ్చినారో చూడండన్నా!" అంది రాజ్యలక్ష్మమ్మ వాళ్ళతో. పెరట్లో ఒక గొర్రె ఆరేసిన ఆమె కొత్త చీర కొంగు నములుతోంది.

వాళ్ళలో పెద్దాయన ముక్కు మూసుకుని, "ఏం రామకోటయ్యా, మన ఇండ్లలో ఎవరన్నా చేసే యాపారమేనా ఇది?" అన్నాడు.

గోడ మీది ఖాళీ మేకు రామకోటయ్య కళ్ళ ముందు మెదిలింది. నోట్లోంచి అబద్ధం దానంతటదే వచ్చింది. "యాపారమా! శివశివా! మహానందీశ్వరుడు కలలో అగుపడినాడు. నా జీవాలు కత్తికి పోతాండాయి, కాపాడు రామకోటా అన్నాడు. నేనేం చేసేది?"

నలుగురు పెద్దలూ చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. మంచినీళ్ళు తాగారు, కాఫీ కూడా తాగారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఈ ఊరి జనం మొద్దులని రామకోటయ్య అనేవాడు. ఆ మాట అంత నిజమని ఆయనకే తెలియదు. మంగళవారం పొద్దున ఒకడు కుంటి మేకను తెచ్చి వాకిట్లో కట్టేశాడు. "దీన్ని కూడా కాపాడు సామీ" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత ముసలి గాడిద వచ్చింది. ఆ తర్వాత పళ్ళూడిన ఎద్దు వచ్చింది. తేకపోతే మహానందీశ్వరుడికి కోపం వస్తుందేమోనని వాళ్ళకు భయం, వద్దంటే అబద్ధం బయటపడుతుందేమోనని ఈయనకు భయం. మధ్యాహ్నానికి ఆడవాళ్ళు కూడా వరస కట్టారు. పక్కింటి నాగలక్ష్మమ్మ అందరికన్నా ముందుంది.

"నా ముక్కుపుడక పోయి ఆరు నెలలాయె. యాడుండాదో కలలో స్వామిని అడిగి చెప్పన్నా."

"రేపు రామ్మా, చూస్తాం."

"రేపు దేనికి? ఇప్పుడే పండుకో. మేము ఈడనే కూర్చుంటాం, శబ్దం చేయం."

పదిహేను మంది ఆడవాళ్ళు చూస్తూ ఉండగా రామకోటయ్య నడి హాల్లో చాప మీద పడుకున్నాడు. జీవితంలో మొట్టమొదటిసారి నిద్ర పట్టలేదు. పెరట్లో గొర్రెలు, వాకిట్లో గాడిద, తలాపున నాగలక్ష్మమ్మ. బుధవారమూ అదే తంతు. రెండు రోజులుగా తూగుసీమ మొహం చూడలేదు. ఆ దేశంలో తన కుర్చీ ఏమైందో, తన నీడ బిళ్ళ ఎవరు తీసుకున్నారో అని నిజంగానే బెంగ పెట్టుకున్నాడు పాపం. కళ్ళు ఎర్రబడ్డాయి, చెంపలు లోపలికి పోయాయి. జనం మాత్రం అదంతా తపస్సు అనుకున్నారు.

గురువారం సంఘం హాలు నిండిపోయింది. రామకోటయ్య గెలుపు ఖాయమని అందరికీ తెలుసు. పోటీగా నిలబడిన రాఘవేంద్రప్రసాద్ ఎరువుల వ్యాపారి. నవ్వు మొహం మనిషి, ఎవరినీ ఒక్క మాట అనడు. అందుకే అతన్ని తెలివైనవాడని రామకోటయ్య ఎప్పుడూ ఒప్పుకోలేదు. ముందు రోజు టీ అంగడి దగ్గర ఏసన్న అతనికి గురక సంగతి చెప్పేశాడు. గొర్రెలు అమ్ముడుపోయాక ఆ రహస్యంతో ఏసన్నకు పనేముంది?

వేదిక మీద అభ్యర్థులిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టారు. కార్యదర్శి సంఘం చరిత్ర చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన సంఘం బావి తవ్వించిన సంవత్సరం దగ్గరికి వచ్చేసరికి రామకోటయ్య నల్లద్దాల వెనక కళ్ళు మూతపడ్డాయి. ఒళ్ళో తువ్వాలు ఉంది. తువ్వాలు కింద చేతులున్నాయి.

తూగుసీమ కోటలో రాజుగారు తలకిందులుగానే కోపంగా ఉన్నారు. "మంత్రీ! నువ్వు కొన్న మబ్బులు మూడు రోజులుగా దేశమంతా అరుస్తున్నాయి. ప్రజలకు నిద్ర లేదు."

"నాకూ లేదు ప్రభూ" అన్నాడు రామకోటయ్య, ఏడుపు గొంతుతో.

"మబ్బులను నేను తీసుకుంటాను. పదవి వదులుకుంటావా?" అని రాజుగారు చెయ్యి చాచారు. ఆ చెయ్యి మెత్తగా, వెచ్చగా ఉంది. రామకోటయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వేలు నొక్కాడు, అరచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

చప్పట్లకు మెలకువ వచ్చింది. తన అరచేతిలో రాఘవేంద్రప్రసాద్ చెయ్యి ఉంది, రెంటి మీదా తువ్వాలు ఉంది. అతను లేచి నిలబడి, "కోటయ్యన్నది శానా పెద్ద మనసు. పోటీలోంచి తప్పుకుంటానని ఇప్పుడే గుడ్డ కింద మాటిచ్చినాడు. బదులుగా ఆ జీవాలన్నీ నేను తీసుకుంటా. మీరంతా చూసినారు కదా?" అన్నాడు. హాలంతా చూసింది. మాట తప్పనని సంతలో అరిచిన అరుపును ఆ పాతిక మంది ఇంకా మరిచిపోలేదు.

నిద్రలో ఉన్నానని చెప్పడానికి రామకోటయ్య నోరు తెరిచాడు. ఎదురుగా గోడ మీద తన కరపత్రమే అంటించి ఉంది. నోరు మూసుకుని, ఖాళీ మేకు వైపు చివరిసారి చూసి, "అవునప్పా. మాటంటే మాటే" అన్నాడు. గొంతులో ఏడుపు దాగలేదు. జనం దాన్ని త్యాగం అనుకుని మళ్ళీ చప్పట్లు కొట్టారు.

కొత్త అధ్యక్షుడికి దండ వేశాక పెద్దాయన లేచాడు. "ప్రసాదూ, ఇవి స్వామి చెప్పిన జీవాలు నాయనా. అమ్మకూడదు, తెగనరకకూడదు. వాటి ఆయుష్షు తీరేదాకా నువ్వే మేపాల. గాడిదను మరిచిపోవద్దు." ఒక్క పూటలో మందను సంతకు తోలేద్దామనుకున్న రాఘవేంద్రప్రసాద్ మొహంలో నవ్వు అప్పుడు పోయింది. ఆ పోయిన నవ్వు ఇంతవరకూ తిరిగి రాలేదు.

ఆ మధ్యాహ్నం పెరడు నిశ్శబ్దంగా ఉంది. రామకోటయ్య సంఘం విందు తిని వచ్చి పడుకుని, తూగుసీమ కోట వాకిట్లో నీడ విడిచాడు. కాపలా చేప గొడుగు అడ్డం పెట్టి, మాజీ మంత్రులు పక్క వాకిలి నుంచి రావాలని చెప్పింది. ఆయన పక్క వాకిలి నుంచే వెళ్ళాడు. ఏ పదవీ లేకపోయినా ఆ దేశంలో నిద్ర హాయిగానే పట్టింది.

అప్పటి నుంచి ఆయన పడుకున్నప్పుడు రెండు చేతులూ దుప్పటి పైనే ఉండాలని రాజ్యలక్ష్మమ్మ ఆర్డరు.