దస్తగిరి పచ్చదీప సంహారం

ప్రత్యేక తెలంగాణకై సాగిన సకలజనుల సమ్మె ఇరవైరెండవ దినమున, బస్సులు డిపోలలో యోగనిద్రనొంది, బడిగంటలు మౌనవ్రతమూని, కరెంటు దినమునకు ఆరుమారులు అలుగుచుండిన ఆ మహాసమయమున, మానుకోట స్టేషను వీధిలో, జిరాక్సు దుకాణాధీశుడును లామినేషను ధురంధరుడును అగు దస్తగిరి, కంప్యూటరు నెదుట నిలిచి చెమటలు గ్రక్కుచుండెను. వినుడు, నవ్వకుడు! పాపము, అతనికది చావుబ్రతుకుల సంగతి.

ఏలయన, మరునాడు ఏ చోట రైలుపట్టాలపై పొయ్యి వెలిగించి వంటావార్పు జరుపుదురో తెలుపు రహస్య కరపత్రమును ఆ యంత్రముననే అచ్చొత్తియుండెను. అది పోలీసులకు పొక్కెనా, వంట ఠాణాలోనే! పత్రిక యొకటి చదివి అతడెరిగినదేమనగా, ప్రాసెసరు గర్భమున మరియొక చిట్టి కంప్యూటరు గూఢచారియై దాగియుండునట. యజమాని యంత్రమును ఆర్పినను అది నిదురపోదట. దూరమందలి యెవ్వడో పిలిచినంతనే సమస్తమును విప్పిచెప్పునట. ఆర్పిచూచెను. డబ్బా రంధ్రములలోనుండి సూదిమొనంత పచ్చదీపము మిటకరించి చూచుచునే యుండెను. నెట్టు తీగ పీకెను. అయినను ఆరదాయెను.

"నా దుకాణంల నా కరెంటు తిని నామీదనే చాడీలు చెప్తవా? గియ్యాల నువ్వన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అని పలికి, ఆ అరివీరభయంకరుడు బల్లక్రిందికి దూరెను. అచ్చట తీగల మహారణ్యము. కంప్యూటరు ప్లగ్గు వదులైనదని పోయినయేడు తానే అగ్గిపుల్లలు దట్టించి బిగించెనుగదా, అయ్యో, ఇప్పుడది కదలదాయెను! మోకాళ్లు గీరుకొనుచుండ, టోపీ జారుచుండ, పుల్లలు పటపట విరుగుచుండ, చేతికందిన తీగను ఒక్క గుంజు గుంజెను. పచ్చదీపము తడబడెను, పది లెక్కించులోపల ఆరిపోయెను.

విజయగర్వమున మీసము దువ్వుచు అతడు బయటికి ప్రాకి వచ్చెను. కరపత్రములు కట్టకట్టుచున్న టైపిస్టు కళావతి వంగి చూచి మెల్లగా చెప్పెను.

"దస్తగిరన్నా, నువ్వు గుంజింది టేబుల్ ఫ్యాన్ ప్లగ్గు. కరెంటే పోయింది. బొగ్గు లేకపాయె గద, భూపాలపల్లి బొగ్గుబాయోళ్లు సమ్మె జేసి ఆర్పిండ్రు."

దస్తగిరి చిన్నబోయెను. పిదప, జీతములు మాని మూడు వారములుగా గని దిగని ఆ ముఖమెరుగని మనుషులు, తన బల్లక్రిందికే వచ్చి భుజము కలిపినట్లు తోచి, అతని కన్నులు చెమ్మగిల్లెను.

"అందరం గలిసి ఆర్పినం అనుకో, చెల్లె" అనెను.

కళావతి కరపత్రములను కొంగుచాటున దాచి వీధిలోనికి నడిచెను. ఇట్లు ఆ మధ్యాహ్నమున, మానుకోట జిరాక్సు దుకాణమునందు, జనసమూహబలముచే జయింపబడిన సూదిమొనంత పచ్చదీపము, సంపూర్ణముగా రెండుగంటలసేపు వెలుగలేదు.