సర్దేసిన ఉల్లిపాయ

మీరంతా నన్ను బాగా ఎరిగినవాళ్ళు కాబట్టి దాచి లాభం లేదు. మా ఇంట్లో ఒక ఉల్లిపాయ మాయమైంది. దాని మూలంగా ఒక రాజుగారు నిండు సభలో కర్టెన్ కప్పుకుని చచ్చిపోవలసి వచ్చింది. మొదటినుంచీ చెప్తాను, మధ్యలో నవ్వకండి. చివర్లో నవ్వగలిగితే నవ్వండి.

నేను లైబ్రరీలో పని చేస్తానని మీకు తెలుసు. జనం ఎక్కడపడితే అక్కడ వదిలేసిన పుస్తకాల్ని తీసి వాటి చోట్లలో పెట్టడం నా ఉద్యోగం. ఆ రోగాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాను. మా బావమరిది నన్ను ‘సర్దుడు బావ’ అంటాడు. మా ఇంట్లో కాఫీ తాగుతూ కప్పు కింద పెట్టి ఒక్కసారి తుమ్మితే, కళ్ళు తెరిచేసరికి అది కడిగి బోర్లించి ఉంటుందని వాడి ఫిర్యాదు.

మా ఆవిడ నాటకాల కంపెనీకి దుస్తులు కుడుతుంది. చేతిలో సూది పడిందంటే అన్నం, నీళ్ళు, మొగుడు ఏవీ గుర్తుండవు. అదే మనిషి పొయ్యి మీద పాలు పెట్టి, మూత కోసం బయల్దేరి, దారిలో కనిపించిన కిటికీ తుడవడం మొదలుపెట్టి, ఆ కిటికీలోంచి పక్కింటావిడతో కబుర్లలో పడి, “మీ ఇంట్లో పాలు మాడుతున్నట్టున్నాయి, చూసుకోండి” అని ఆవిడకే సలహా ఇస్తుంది.

చివరికి తనే ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళింది. రెండోసారి నన్ను కూడా తీసుకెళ్ళింది.

“ఇది బద్ధకం కాదు, నిర్లక్ష్యమూ కాదు. దృష్టిని ఒకచోట నిలవనివ్వని ఏడీహెచ్‌డీ అంటారు” అని మొదలుపెట్టింది డాక్టరమ్మ. శ్రద్ధగా విందామనే కూర్చున్నాను. కానీ ఆవిడ వెనక గోడకున్న పటం ఎడమవైపుకి వాలి ఉంది. దాన్ని చూస్తూ ఎవరైనా ఎంతసేపని వింటారు? లేచి సరిచేసి వచ్చేసరికి ఆవిడ చివరి వాక్యంలో ఉంది. “కాబట్టి ఇల్లు ఈవిడకి అనువుగా ఉండాలి. అది మీ చేతుల్లో ఉంది.”

బయటికొచ్చాక మా ఆవిడ అడిగింది. “మొత్తం విన్నారా?”

“అక్షరం పొల్లుపోకుండా” అన్నాను. ఇల్లు సర్దమని డాక్టరే చీటీ రాసిచ్చినంత సంబరంగా ఉంది నాకు.

మంచి సమయం కూడా దొరికింది. ఇన్నాళ్ళూ కంపెనీ వాళ్ళు మా ఆవిడకి తెగిన గుండీలు, చిరిగిన అంచులు మాత్రమే ఇచ్చేవాళ్ళు. మొదటిసారి ఒక నాటకం మొత్తం దుస్తుల పని ఆవిడకి అప్పగించారు. ఇది బాగా జరిగితే రాబోయే పెద్ద నాటకం కూడా ఆవిడదే అన్నాడు మేనేజరు. ఆయన గొంతు మూలంగా అందరూ ఆయన్ని గర్జనగారు అంటారు. శనివారం సాయంత్రం మొదటి ప్రదర్శన. ఆవిడ ఆ రోజు పొద్దున్నే రిహార్సలుకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఇల్లు అద్దంలా పెట్టి ఆశ్చర్యపరుద్దామని నేను నడుం బిగించాను.

ఇల్లు చూస్తే జాలేసింది. భోజనాల బల్ల మీద ఒంటి చెప్పు. ఫ్రిజ్ హ్యాండిల్‌కి గొడుగు. కుట్టుమిషను మీద, సరిగ్గా సూది కింద, ఒక ఉల్లిపాయ. పాపం, జబ్బు ఇంత ముదిరిందా అనుకున్నాను. చెప్పుని స్టాండులో జత కలిపాను. గొడుగుని బీరువాలో పెట్టాను. ఉల్లిపాయని వంటింట్లోకి తీసుకెళ్ళాను. అప్పటికి ఆకలేస్తోంది, రెండు గుడ్లు కూడా కనిపించాయి. ఆమ్లెట్టు బాగా కుదిరింది.

మధ్యాహ్నం దాటాక వచ్చింది ఆవిడ. గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏమండీ, మన ఇల్లేమైంది?”

“సర్దాను.”

“బల్ల మీద చెప్పు ఏది?”

“స్టాండులో ఉంది.”

“దాన్ని అక్కడెందుకు పెట్టారు?”

చెప్పుని చెప్పుల స్టాండులో ఎందుకు పెట్టావని అడిగిన మనిషిని నేను ఆవిడని తప్ప ఇంకెవర్నీ చూడలేదు. “మరి పెరుగన్నంలో పెట్టమంటావా?” అన్నాను.

“అది రాణిగారి చెప్పులు తీసుకెళ్ళాలని గుర్తుకి పెట్టుకున్నానండీ! గొడుగేది? అది మంత్రిగారి కర్ర కోసం!” అంటూ ఆవిడ అటూ ఇటూ పరుగెత్తి చెప్పులు, కర్ర సంచిలో వేసుకుంది. అప్పటికైనా నాకు కాస్త అనుమానం వచ్చి ఉండాల్సింది. రాలేదు. తర్వాత ఆవిడ గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. అన్ని తలుపులూ మూసి ఉన్నాయి, అన్ని బల్లలూ ఖాళీగా మెరుస్తున్నాయి.

“ఇంకోటేదో ఉంది. ముఖ్యమైనదే. కనిపిస్తే తెలిసిపోతుంది.”

“ఇంకేం లేదు. అన్నీ వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి” అన్నాను. ఒకటి నా కడుపులో ఉందని నాకు తట్టలేదు. నా దృష్టిలో అది ఉత్త ఉల్లిపాయ.

వీధిలో కంపెనీ వ్యాను హారను కొట్టింది. ఆవిడ వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయింది.

నాటకం సగం దాకా అద్భుతంగా నడిచింది. రాణిగారు నడుస్తుంటే జనం ఆవిడ ముఖం మానేసి బట్టలు చూస్తున్నారు. రెండో వరసలో కూర్చుని, ఆ కుట్టిన చెయ్యి మా ఇంటిదేనని పక్కాయనకి చెప్పాను. ఆయన అడగలేదు, అయినా చెప్పాను.

విరామంలో ఆవిడ పాలిపోయిన ముఖంతో వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “రాజుగారి పై అంగీ! డ్రై క్లీనింగుకిచ్చాను. మధ్యాహ్నమే తెచ్చుకోవాలి. షాపు మూసేసుంటారు!”

చివరి అంకమంతా ఆ మఖమల్ అంగీలోనే జరగాలి. లోపల గర్జనగారి గొంతు గోడలు దాటి వస్తోంది. మా ఇల్లు పక్క వీధే కాబట్టి పరుగెత్తాను. హాల్లో ఎర్ర కర్టెన్‌ని ఒక్క గుంజు గుంజి తెచ్చి రాజుగారి భుజాల మీద కప్పాను. పైన ఇనప రింగులున్న సంగతి చూసుకోలేదు.

“నా రాజ్యం...” అని రాజుగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. గలగల. “నా ప్రజలు...” మళ్ళీ గలగల. జనం కిసుక్కుమన్నారు. ఆయన కూలిపోగానే ఒక రింగు ఊడి దొర్లుకుంటూ ముందు వరసకి వచ్చింది. అక్కడున్న పెద్దాయన దాన్ని ఏరి, మర్యాదగా వేదిక అంచున పెట్టి, శవానికి నమస్కారం పెట్టి కూర్చున్నాడు. హాలంతా ఘొల్లుమంది. చచ్చిన రాజుగారి పొట్ట కూడా కదిలింది. నవ్వనిది మా ఆవిడ ఒక్కతే. తెర పక్కన నిలబడి పెదవి కొరుక్కుంటోంది.

“ఎవరు మర్చిపోయింది?” అని గర్జించాడు మేనేజరు.

“నేనేనండీ” అంది ఆవిడ, అందరి ముందూ. “వచ్చే నాటకం సంగతి ఆలోచించాలమ్మా” అని ఆయన వెళ్ళిపోయాడు.

బయటికొచ్చాక చిన్న గొంతుతో చెప్పింది. “మిషను మీద ఉల్లిపాయ పెట్టుకున్నాననుకున్నానండీ. పొర మీద పొర ఉంటుంది కదా, చూడగానే పై అంగీ గుర్తొస్తుందని. తీరా చూస్తే అక్కడేం లేదు. పెట్టలేదేమో. పెట్టినట్టు ఊహించుకున్నానేమో. నా బుర్ర నాకే అబద్ధాలు చెప్తోంది.”

నోరు తెరవాల్సిన క్షణం అదే. నేను తెరవలేదు. తెరిస్తే మాట కంటే ముందు ఉల్లిపాయ వాసనే వస్తుందని భయపడ్డాను. “పోనీలే, ఎవరైనా మర్చిపోతారు” అన్నాను పెద్దమనసుతో. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది.

ఆదివారం చెప్పేద్దామనుకున్నాను. చెప్పడానికి బదులు బట్టల బీరువా సర్దాను. ఆవిడ చెత్తబుట్ట ఖాళీ చేసి వచ్చింది, మామూలుగానే మాట్లాడింది.

సోమవారం లైబ్రరీలో క్యారేజీ మూత తీశాను. అన్నం లేదు. నడిమధ్యన ఒక్క ఉల్లిపాయ కూర్చుని ఉంది.

“ఏంటి సార్, ఉపవాసమా?” అన్నాడు పక్క కౌంటరతను. ఉల్లిపాయ జేబులో వేసుకుని నాటకాల కంపెనీకి నడిచాను.

గర్జనగారు అంతా విన్నారు. “తినేశారా?”

“ఆమ్లెట్టులో వేసుకున్నానండీ.”

ఆయన గర్జిస్తే బాగుండేది. మెత్తగా మాట్లాడాడు. “ఆ రాత్రే చెప్పాల్సిందండీ. నిన్ననే ఇంకో దర్జీకి ఒప్పజెప్పేశాను. కొలతలు కూడా తీసుకున్నాడు. ఆవిడకి చెప్పండి, ఆ తర్వాత ఏదైనా ఉంటే పిలుస్తాను.”

ఇంటికొచ్చేసరికి ఆవిడ మిషను ముందు కూర్చుని ఉంది.

“గర్జనగారికి చెప్పారా?”

“చెప్పాను. ఆలస్యమైపోయింది. ఒక్క రోజు ముందు చెప్తే నీకే వచ్చేది.” స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను. “నీకెలా తెలిసింది?”

“చెత్తబుట్టలో పొట్టు కనిపించింది.”

“కోపం రాలేదా?”

“వచ్చింది. కానీ ముందు సంతోషమేసిందండీ. పెట్టానన్నమాట! నేను మర్చిపోలేదన్నమాట!” అని కళ్ళు తుడుచుకుంది. “మీ లైబ్రరీ కౌంటరు దగ్గర జనమంతా ఒకేసారి మీద పడి అరుస్తుంటే ఎలా ఉంటుంది? నా బుర్రలో రోజూ అంతే. ఎవరు ముందొచ్చారో తెలీదు. ఉల్లిపాయ పెట్టుకుంటే, ముందు ఇతని పని చూడు అని చెప్తుంది. మీరు వచ్చి అతన్ని తినేశారు.”

“డాక్టరమ్మ ఇదంతా చెప్పిందా?”

“చెప్పింది. మీరు పటం సర్దుతున్నారు.”

జేబులోంచి ఉల్లిపాయ తీసి, మిషను మీద ఎక్కణ్ణుంచి తీశానో అక్కడే పెట్టాను.

అది ఇప్పటికీ అక్కడే ఉంది. మొలక కూడా వచ్చింది. నా చెయ్యి దురద పెడుతూనే ఉంటుంది, అయినా ముట్టుకోను. పెద్ద నాటకం ఎవరో కుట్టిన బట్టలతో ఆడేసింది. మేమిద్దరం వెళ్ళి చూశాం.

మొన్న ఆవిడ మిషను ముందు నిలబడి తల గోక్కుంది. “ఏమండీ, ఈ ఉల్లిపాయ నేను దేనికి పెట్టుకున్నాను?”

“నువ్వు కాదు. నేను పెట్టుకున్నాను.”

“దేనికి?”

చెప్పాను. సర్దే ముందు అడగాలని, తప్పు చేస్తే ఆ రోజే ఒప్పుకోవాలని.

“అయితే అక్కడే ఉండనివ్వండి” అంది.