తీర్మానం ద్వారా తగిలిన దెబ్బ

ఒక పెద్ద అడవిలో నాలుగేళ్ళకోసారి ఆటల పండగ జరుగుతుంది. ఆ అడవి మాది కాదని ముందే చెప్పేస్తున్నాను. మాది దానికి మూడు వాగుల అవతల ఉన్న పల్లేరుకోన. పేరుకు అడవే గానీ ఉన్నవల్లా తుమ్మచెట్లు, రేగుపొదలు, అడుగడుగునా పల్లేరుకాయలు. ఒకసారి పెద్దపులి దారి తప్పి మా కోనలోకి వచ్చి, దాక్కోవడానికి చాటు దొరక్క సిగ్గుపడి వెళ్ళిపోయిందట. ఆ సంగతి మా పెద్దలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

అయినా మాకో క్రీడా సంఘం ఉంది. ఆటస్థలం లేదు, సంఘం ఉంది. అధ్యక్షులు ఎలుగుబంటి భద్రయ్య గారు. తేనెపట్టు ఎక్కడుంటే సమావేశం అక్కడ పెడతారు. ఉపాధ్యక్షులు అడవిపంది వరహాలయ్య గారు. ఏ విషయాన్నయినా ముందు కుళ్ళగించేసి, ఆ తర్వాత అదేమిటని అడుగుతారు. కార్యదర్శి నక్క శేషాచలం గారు. నక్క గురించి నేను కొత్తగా చెప్పేదేముంది.

కార్యవర్గ సభ్యుడు తొండ. అంటే నేనే. తొండ జాతికి తల ఊరికే ఊగుతూ ఉంటుంది. అందులో మా ఉద్దేశం ఏమీ ఉండదు. కానీ సంఘం దాన్ని ఓటు కింద రాసుకుంటుంది. నేను ఇన్నేళ్ళుగా పదవిలో ఉన్న రహస్యం అంతే.

ఇంతమందిమి కలిసి చూసుకోవడానికి ఉన్నది ఒకే ఒక్క క్రీడాకారిణి, కౌజుపిట్ట నూకాలు. ఎగరడం దానికి అంతంతమాత్రం. పరుగు మాత్రం చూసి తీరాలి. తెల్లారకముందే బండిబాట మీద ఆ చివర నుంచి ఈ చివరికి పరుగెత్తేది. దానికి పరుగు ఎవరూ నేర్పలేదు. మేము నేర్పామని సంఘం నివేదికలో ఉంటుంది, నమ్మకండి.

పండగలో జానెడు లోపు ప్రాణులకని వేరే పరుగు పందెం ఉంది. దానికి నూకాలు పేరు పంపించాం. పెద్ద అడవి వాళ్ళు సంతోషం అంటూ జవాబు రాసి, కింద ఒక నిబంధన చేర్చారు. ముగ్గురు ఆటగాళ్ళకు ఒక అధికారి చొప్పున రావచ్చునట.

మాకున్నది ఒక్క ఆటగత్తె. ఆ లెక్కన మూడోవంతు అధికారికి మాత్రమే చోటుంది. అధ్యక్షులవారిని మూడు ముక్కలు చేసే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

నూకాలును ఒక్కదాన్నే పంపితే పోలేదా అని మీరడగొచ్చు. ఆ మాట మా సమావేశంలో ఎవరికీ తట్టలేదు. అప్పటికే కోన పొడుగునా ఫ్లెక్సీలు కట్టేశాం. వాటిలో మా నలుగురి ముఖాలూ గుమ్మడికాయలంత ఉన్నాయి. కింద మూలన ఆవగింజంత చుక్క ఒకటుంది, అది నూకాలు.

శేషాచలం గారే దారి చూపించారు. అధికారులుగా కాకపోతే ఆటగాళ్ళుగా వెళదాం అన్నారు. తీరా అక్కడికి వెళ్ళాక ఒంట్లో బాగాలేదని తప్పుకుంటే అడిగేవాళ్ళెవరు? ఫారంలో ఖాళీ ఎక్కడ కనిపిస్తే అక్కడ మా పేర్లు రాసేశారు. భద్రయ్య గారు ఎత్తు దూకడం. వరహాలయ్య గారు సన్నకొమ్మ మీద నడక. శేషాచలం గారు చెరువు ఈత. నాకు బరువులెత్తడం వచ్చింది. తల ఊపాను.

మూడు వాగులూ నడిచే దాటాం. నూకాలుది చిన్న ప్రాణం కదా అని సామాను కూడా తక్కువే మోయించాం. జెండా, అధ్యక్షులవారి తేనెచిప్ప, అంతే.

పెద్ద అడవి చూసేసరికి మాకు కళ్ళు తిరిగాయి. విడిదిలో మెత్తటి గడ్డి పరుపులు, పూటకో రకం పళ్ళు, అడిగినంత తేనె. వరహాలయ్య గారు దుంపల గుట్ట చూసీ చూడగానే అందులో మూతి దూర్చేశారు. నూకాలు మాత్రం సామాను దించి నేరుగా పరుగు బాట దగ్గరికి పోయింది. ముక్కుతో ఆ మట్టిని తాకి చూసింది. దాని మీద ఒక్క పల్లేరుకాయ కూడా లేదని వచ్చి నాతో చెప్పింది. అంత సంతోషంగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు.

నమోదు బల్ల దగ్గర ఒక ముసలి కొంగ కూర్చుని ఉంది. మా కాగితాలు చూసి, మమ్మల్ని చూసి, మళ్ళీ కాగితాలు చూసింది. తర్వాత ఈ ఏటి కొత్త నిబంధన చదివి వినిపించింది. పేరిచ్చి బరిలోకి దిగనివాడు ఒక్కడున్నా ఆ జట్టు మొత్తం రద్దు. రద్దయిన జట్టు అధికారులతో సహా పొద్దుగుంకేలోగా పొలిమేర దాటాలి. కిందటిసారి ఎవరో మాలాంటి తెలివైనవాళ్ళే వచ్చిపోయినట్టున్నారు.

శేషాచలం గారు తగ్గలేదు. ఆటగాళ్ళకు దెబ్బ తగిలితే ఎలాగని అడిగారు. నిజంగా ఎవరికైనా దెబ్బ తగిలితే, రేపటి కవాతుకు ముందే జట్టంతా తప్పుకోవచ్చని, అలాంటివాళ్ళు అతిథులుగా పండగ చివరిదాకా ఉండొచ్చని కొంగ చెప్పింది. కవాతులో జెండా పట్టుకుని నడిచాక మాత్రం తప్పుకోవడం కుదరదు.

విడిదికి వచ్చి అత్యవసర సమావేశం పెట్టాం. దెబ్బ ఎవరికి తగలాలి అన్నది చర్చ. అధ్యక్షులకు తగిలితే కోనకు అవమానం. ఉపాధ్యక్షులకు తగిలిందంటే ఆ ఒళ్ళు చూసి ఎవరూ నమ్మరు. చర్చ ఎక్కువసేపు సాగలేదు. నా తల ఊగింది. శేషాచలం గారు రాసుకున్నారు.

నూకాలును పిలిపించారు.

"అమ్మా నూకాలూ, నీ కుడికాలికి దెబ్బ తగిలింది," అన్నారు శేషాచలం గారు.

"ఎప్పుడు బాబూ?"

"ఇప్పుడే. తీర్మానం అయింది."

అది తన కాలు చూసుకుంది. మడిచింది, చాపింది. "నా కాలు బాగానే ఉన్నాది బాబూ," అంది.

భద్రయ్య గారు తేనెచిప్ప పక్కన పెట్టి, చాలా ఆప్యాయంగా చెప్పారు. నువ్వు చిన్నదానివి, నీకేం తొందర, వచ్చే పండగకి నిన్నే ముందు పంపిస్తాం అన్నారు. మనిషి... కాదు, ఎలుగు మంచిదే. తను బతికినన్నాళ్ళు అందరూ బతుకుతారనుకుంటారు.

నూకాలు నేల చూపులు చూస్తూనే చెప్పింది. "మా జాతోళ్ళం మూడేళ్ళు బతికితే గొప్ప బాబూ. పండగేమో నాలుగేళ్ళకి. మాకు వచ్చీసారి అన్నది ఉండదు."

భద్రయ్య గారు మళ్ళీ తేనెచిప్ప అందుకున్నారు. అంతలో శేషాచలం గారు ఆకుకట్టు తెచ్చి దాని కాలికి చుట్టేశారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ కట్టు ఊడకుండా కొస పట్టుకున్నవాణ్ణి నేనే.

మర్నాడు పొద్దున్నే నలుగురం ఫలహారాల పందిట్లో కూర్చున్నాం. మైదానంలో కవాతు మొదలైంది. అడవికోడి ఒకటి చెట్టెక్కి ఒక్కో అడవి పేరూ చదువుతోంది. ఏనుగుల మంద వెళ్ళింది, దుప్పుల దండు వెళ్ళింది. వరహాలయ్య గారు మూడో గంప దుంపలు అందుకుంటుండగా, "పల్లేరుకోన" అని వినిపించింది.

పరుగున వెళ్ళి చూశాం. అంత పెద్ద మైదానంలో నూకాలు ఒక్కత్తే నడుస్తోంది. కట్టు ముక్కుతో పీకేసినట్టుంది, ఆకు ముక్క ఇంకా కాలికి వేలాడుతోంది. జెండా దానికి నాలుగింతలుంది. గాలి వీచినప్పుడల్లా పిట్ట వెనక్కి జరిగేది, మళ్ళీ ముందుకి అడుగేసేది. అలాగే మైదానం చుట్టూ తిరిగొచ్చింది.

ఇక మాకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆడితే పరువు పోతుంది, ఆడకపోతే దుంపలు పోతాయి. ఒక పూటంతా ఆలోచించి, పరువు ఎలాగూ కనిపించేది కాదు కదా అని తేల్చుకున్నాం.

భద్రయ్య గారు ఎత్తు దూకడానికి దూరం నుంచి బాగానే పరుగెత్తుకొచ్చారు. దూకడం మాత్రం మరిచిపోయారు. అడ్డకర్రను మెడకు తగిలించుకుని అవతలికి వెళ్ళి, నడుం పట్టేసి అక్కడే కూర్చుండిపోయారు. వరహాలయ్య గారు సన్నకొమ్మ మీద కాలు పెట్టారు. ఆ తర్వాత అక్కడ కొమ్మ లేదు. శేషాచలం గారు చెరువులో దిగారు గానీ, పోటీ అయ్యేదాకా గట్టు మీది గడ్డి వదల్లేదు. తోక తడిసింది కాబట్టి పాల్గొన్నట్టే అని న్యాయనిర్ణేతలు జాలిపడ్డారు.

నా ముందు ఒక బండరాయి పెట్టారు. భయంతో నా ఒళ్ళు పైకీ కిందికీ ఊగడం మొదలైంది. నేను కసరత్తు చేస్తున్నాననుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆ రాయిని కౌగలించుకున్నాను. మెడ పట్టేసింది. రాయి ఎక్కడిదక్కడే ఉంది.

పెద్ద అడవి అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వితే నవ్వింది, జట్టు రద్దు కాలేదు.

సాయంత్రం నూకాలు పందెం. మా ముగ్గురు పెద్దలూ వైద్యుల గుడారంలో మూలుగుతున్నారు. మెడ వంకరతో నేనొక్కణ్ణే వెళ్ళాను. బాట మీద ఎనిమిది ప్రాణులు నిలబడ్డాయి. ఎడారి ఎలుక ఉంది, పెద్ద అడవి ఉడుత ఉంది, వాటి వెనక శిక్షకులున్నారు, నీళ్ళు పట్టేవాళ్ళున్నారు. నూకాలు వెనక ఎవరూ లేరు.

వడ్రంగిపిట్ట మొద్దు మీద టక్కున కొట్టింది. నూకాలు వెనకబడింది. మొదటి మలుపు దాకా ఏడోది. అంత నున్నటి నేల దానికి అలవాటు లేదు, కాళ్ళు జారుతున్నాయి. రెండో మలుపు దగ్గర దానికి నేల తెలిసింది. తల ముందుకు చాచి, రెక్కలు ఒంటికి అంటించి, బండిబాట మీద పరుగెత్తినట్టే పరుగెత్తింది. ఐదోది అయింది. నాలుగోది అయింది. చివర్లో ముంగిస పిల్లను ముక్కు మేర దాటి మూడోదిగా వచ్చింది.

ప్రతివాళ్ళ పేరూ ఎవరో ఒకరు అరుస్తున్నారు. దాని పేరు అరవడానికి అక్కడున్నది నేనే. మా తొండ జాతికి గొంతు లేదు. ఆ లోటు నాకు ఆ రోజే తెలిసింది. కళ్ళనీళ్ళు మాత్రం వచ్చాయి.

పల్లేరుకోన పుట్టాక అదే మొదటి పతకం, కంచుది. దాని తాడు నూకాలుకి పొడుగైపోయి పతకం నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. అయినా మెడలోంచి తీయలేదు.

కోనకు తిరిగొచ్చేసరికి కొత్త ఫ్లెక్సీలు కట్టి ఉన్నాయి. కట్లతో మా నలుగురి ముఖాలు, మధ్యలో పతకం బొమ్మ. ఈసారి ఆవగింజకు చోటు చాల్లేదు.

వారం తిరక్కుండా సంఘం సమావేశమైంది. మొదటి తీర్మానం, పతకం వచ్చినందుకు హర్షం. రెండోది, దాని కోసం ఒళ్ళు హూనం చేసుకున్న కార్యవర్గానికి సన్మానం. మూడోది శేషాచలం గారు లేచి నిలబడి చదివారు.

"సంఘం రికార్డుల ప్రకారం క్రీడాకారిణి కుడికాలికి గాయమై ఉంది. ఆ తీర్మానం ఇంతవరకూ రద్దు కాలేదు. గాయపడిన కాలితో పరుగెత్తి ఆమె సంఘాన్ని ధిక్కరించింది. కాలు నయమైందని సంఘం తీర్మానించేదాకా ఆమె పరుగెత్తరాదు."

సంజాయిషీ ఏమైనా ఉందా అని భద్రయ్య గారు నూకాలును అడిగారు. ఆయన గొంతులో కాస్త ఇబ్బంది వినిపించింది, అది నిజం.

"లేదు బాబూ," అంది నూకాలు. "ఆ దెబ్బ తగిలిన కాలేదో మీకాడే ఉంచీసుకోండి. నా కాళ్ళు రెండూ నాను అట్టుకుపోతాను."

అని వెళ్ళిపోయింది. బయట బాట మీద పతకం రాళ్ళకు తగులుతూ కాసేపు చప్పుడైంది. తర్వాత ఆ చప్పుడు వేగం అందుకుంది.

మేము నాలుగో తీర్మానానికి వచ్చాం. ఇకమీదట జట్టులోకి ఎవరిని తీసుకున్నా, అవసరమైనప్పుడు దెబ్బ తగిలించుకోవడానికి ముందుగా ఒప్పుకున్నవాళ్ళనే తీసుకోవాలి. ఏకగ్రీవంగా ఆమోదించారు. ఏకగ్రీవం అంటే అందులో నేనూ ఉన్నట్టే. సిగ్గుగానే ఉంది, అయినా ఉన్నాను.

వచ్చే పండగకు జట్టు అప్పుడే సిద్ధమైంది. పరుగుకు నత్త, ఎత్తు దూకడానికి తాబేలు. ఇద్దరూ క్రమశిక్షణ గలవాళ్ళు. ఏ కాలికి దెబ్బ అని తాబేలు మర్యాదగా అడిగింది, కాళ్ళు లేవు కాబట్టి మీ ఇష్టం అని నత్త చెప్పింది.

నీతి: ఆటగాళ్ళు అడ్డురాకపోతే ఆటలు నడపడమంత హాయైన పని మరొకటి లేదు.